పదమూడు వందలకు మూడూళ్లు

కోల్‌కతా పుట్టినరోజు ఎప్పుడు?

స్కూల్లో జనరల్ నాలెడ్జ్ పుస్తకం బట్టీ పట్టినవాళ్లు టక్కున చెప్పేస్తారు. 1690 ఆగస్టు 24. ఆ నగరాన్ని స్థాపించినవాడు? జాబ్ చార్నాక్. ఒక్క మార్కు ప్రశ్న. మా తరం అంతా ఆ మార్కు కొట్టేసినవాళ్లమే.

ఆ జవాబు తప్పు!

తప్పని చెప్పింది ఏ చరిత్ర ప్రొఫెసరో అయితే పత్రికలో ఓ వ్యాసం వచ్చేది, చదివి పక్కన పెట్టేసేవాళ్లం. కానీ చెప్పింది కలకత్తా హైకోర్టు. పట్టుబట్టి చెప్పించిన పిటిషనర్లలో ముందున్నది ఒక కుటుంబం. నాలుగు వందల ఏళ్ల నాటి దుర్గ పూజనూ, పాత ఇళ్లనూ, పాత కాగితాలనూ కాపాడుకుంటూ వస్తున్న సబర్ణ రాయ్‌చౌధురీ కుటుంబం. వాళ్లకో సంఘం ఉంది. పేరు సబర్ణ రాయ్‌చౌధురీ పరిబార్ పరిషద్. మన భాషలో చెప్పాలంటే కుటుంబ పరిషత్తు.

కుటుంబ సంఘాలు మనకేం కొత్త కాదు. ఫలానా ఇంటిపేరు వాళ్ల ఆత్మీయ సమ్మేళనం అని ఏడాదికోసారి ఫంక్షన్ హాల్లో కలుస్తాం. పెద్దవాళ్లకు శాలువాలు కప్పుతాం. వంశవృక్షం ఫ్లెక్సీ ముందు ఫొటోలు దిగుతాం. భోజనాలయ్యాక వాట్సప్ గ్రూపు మిగులుతుంది. అందులో గుడ్‌మార్నింగ్ సందేశాలు మిగులుతాయి. వీళ్లు మాత్రం తమ తాతముత్తాతల కాగితం పట్టుకుని ప్రభుత్వంతో పాఠ్యపుస్తకం మార్పించడానికి వెళ్లారు. అందుకే వాళ్ల గురించి చెప్పుకోవాలి.

ముందు ఆ పేరు సంగతి. సబర్ణ అంటే గోత్రం. మనం సావర్ణ అంటాం, బెంగాలీవాళ్ల నోట్లో వకారం బకారమవుతుంది. రాయ్, చౌధురీ అన్నవి మొఘలుల కాలంలో వచ్చిన బిరుదులు. అసలు ఇంటిపేరు గంగోపాధ్యాయ. అదే కుదించి పలికితే గంగూలీ. వాళ్ల ప్రధాన స్థావరం బరిషా, కోల్‌కతా దక్షిణాన బెహాలా ప్రాంతంలో ఉంది. బెహాలా అనగానే మన క్రికెట్ పిచ్చోళ్లకు సౌరవ్ గంగూలీ గుర్తొస్తాడు, ఆయనదీ ఆ ప్రాంతమే. (ఇంటిపేరు కలిసింది కదా అని చుట్టరికం కలపకండి. బెంగాల్లో గంగూలీలు మన దగ్గర రెడ్లు, రావుల్లా వీధికొకరుంటారు.) ఒకప్పుడు అక్కడికి వెళ్లాలంటే డైమండ్ హార్బర్ రోడ్డు ట్రాఫిక్‌లో ఈదాల్సిందే. 2022 డిసెంబరులో ఆ దారిలో మెట్రో వచ్చింది. సఖేర్‌బజార్ స్టేషన్లో దిగితే బరిషా పాత వీధులు దగ్గరే.

కథ మాత్రం మెట్రో కంటే నాలుగు వందల ఏళ్ల వెనక మొదలవుతుంది. లక్ష్మీకాంత గంగోపాధ్యాయ అని ఈ వంశానికి మూలపురుషుడు. పుట్టగానే తల్లి పోయింది. తండ్రి వైరాగ్యంతో సన్యాసం పుచ్చుకుని కాశీ వెళ్లిపోయాడు. అక్కడ ఆ సన్యాసికి శిష్యుడైనవాడు అక్బరు సేనాని రాజా మాన్‌సింగ్. బెంగాల్ మీదికి వచ్చిన మాన్‌సింగ్ గురువుగారి కొడుకును వెతికి పట్టుకుని, గురుదక్షిణగా జాగీరు ఇప్పించాడట. ఇది కుటుంబం చెప్పుకునే కథ. సినిమా ఫ్లాష్‌బ్యాక్‌లా ఉంది కదూ! గురువు, దక్షిణ సంగతి ఎలా ఉన్నా జాగీరు మాత్రం నిజం. 1608లో వచ్చిందని లెక్క. ఇవాళ కోల్‌కతా నగరం ఉన్న నేలలో చాలా భాగం అందులోదే.

రెండేళ్లకు, 1610లో, లక్ష్మీకాంత బరిషాలో దుర్గ పూజ మొదలుపెట్టాడు. అమ్మవారిని ఒక్కదాన్నే కాకుండా లక్ష్మి, సరస్వతి, గణపతి, కార్తికేయులతో సహా కుటుంబమంతటినీ కొలువుదీర్చింది మొదట తామేనని ఈ కుటుంబం అంటుంది. 2021లో యునెస్కో వారసత్వ జాబితాకెక్కిన కోల్‌కతా దుర్గ పూజ అంటే మనకు కోట్ల రూపాయల పందిళ్లు, లైటింగు, థీములే కళ్లముందు మెదులుతాయి. ఆ సంబరాల కంటే ఎన్నో తరాల ముందు నుంచీ ఇక్కడ గడప లోపల పూజ జరుగుతోంది. నగరంలో అన్నిటికన్నా పాత పూజ ఇదేనంటారు.

పూజ జరిగే చోటు పేరు ఆట్‌చాలా. బెంగాలీలో చాలా అంటే ఇంటికప్పు. ఆట్ అంటే ఎనిమిది. ఎనిమిది వాలుల కప్పున్న మండపమన్నమాట. జాగీరు కచేరీ అక్కడే, తీర్పులు అక్కడే, పండగలూ అక్కడే. పాత కప్పు ఏనాడో పోయింది. స్తంభాలు మిగిలాయి.

ఆ స్తంభాల మధ్యే ఓ రోజు ఒక కాగితం మీద సంతకాలు పడ్డాయి.

1698 నవంబరు 10. ఒకవైపు ఈస్టిండియా కంపెనీ తరఫున చార్లెస్ ఐర్. ఎదురుగా ఈ కుటుంబం పెద్దలు. దస్తావేజు పారసీ భాషలో ఉంది. ఇచ్చేవాళ్ల పేర్లన్నీ మన రిజిస్ట్రారాఫీసు కాగితాల్లోలాగే తండ్రి పేరుతో సహా రాశారు. మనోహర్, రామ్‌చంద్, ప్రాణ్... ఇలా. సుతానుటి, కలికాతా, గోవిందపూర్ అనే మూడు ఊళ్ల మీద హక్కు కంపెనీకి రాసిచ్చారు.

ఎంతకి? పదమూడు వందల రూపాయలకు!

ఇవాళ అదే కోల్‌కతాలో ఓ కుటుంబం హోటల్లో భోంచేసి లేస్తే బిల్లు అంతకంటే ఎక్కువే అవుతుంది. సరే, అప్పటి రూపాయి విలువ వేరు, దాన్ని వదిలేద్దాం. అసలు విషయం వేరే ఉంది. దీనికి ముందే కంపెనీ బెంగాల్ సుబేదారు అజీముష్షాన్‌కు పదహారు వేల రూపాయలు ముట్టజెప్పి అనుమతి తెచ్చుకుంది. ఆయన ఔరంగజేబు మనవడు. చూశారా, ఊళ్లకు 1300, పైవాడి సంతకానికి 16,000! మన దేశంలో భూమి లావాదేవీల సంప్రదాయం మరీ ఈ మధ్యది కాదు.

తమ పెద్దలు ఇష్టపడి ఇవ్వలేదని, పైనుంచి ఒత్తిడి వస్తే తలొగ్గారని కుటుంబం చెబుతుంది. ఆ పదహారు వేలు చూస్తే ఆ మాట కొట్టిపారేయాలనిపించదు. ఇంకో మాట కూడా వాళ్లు గట్టిగా అంటారు... అది అమ్మకం కాదు అని. నిజానికి కంపెనీ చేతికొచ్చింది నేల మీద సర్వహక్కులు కాదు. ఆ ఊళ్లలో శిస్తు వసూలు చేసుకునే హక్కు. అందులోంచి మొఘల్ ఖజానాకు కంపెనీ ఏటా కట్టాల్సింది కట్టాలి. కౌలుదారుగా గుమ్మంలో అడుగుపెట్టినవాడు అరవై ఏళ్లు తిరక్కముందే ఇంటి యజమానిని బయటికి నెట్టాడు. ప్లాసీ యుద్ధం 1757లో. తర్వాత కొత్త ఫోర్ట్ విలియం కోసం గోవిందపూర్ ఊరినే ఖాళీ చేయించారు. ఇప్పుడు మైదాన్‌లో పిల్లలు క్రికెట్ ఆడుకునే చోట ఆ ఊరుండేది.

మరి ఇందులో చార్నాక్ ఎక్కడున్నాడు?

లేడు! దస్తావేజు నాటికి ఆయన పోయి ఐదేళ్లు దాటింది. సంతకాల నాడు కూర్చున్న చార్లెస్ ఐర్ ఆయన అల్లుడు. మామగారు చేసిందల్లా 1690 ఆగస్టు 24న సుతానుటి రేవులో పడవ దిగడం. అదీ మొదటిసారి కాదు, మూడోసారి. ఆయన దిగేటప్పటికే అక్కడ సంత ఉంది, నేతగాళ్లున్నారు, నూలు వ్యాపారం ఉంది. సుతానుటి అన్న పేరే నూలు చిలపల నుంచి వచ్చింది. కలికాతా పేరు అబుల్ ఫజల్ ‘ఐన్-ఇ-అక్బరీ’లోనే కనిపిస్తుంది. అంటే చార్నాక్ దిగడానికి వందేళ్ల ముందే అది పన్నుల పద్దులో ఉన్న ఊరు. అల్లుడు మాత్రం మామగారికి మంచి సమాధి కట్టించాడు. ఇప్పటికీ సెయింట్ జాన్స్ చర్చి ఆవరణలో చూడొచ్చు.

ఆ సమాధి రాయికి మనతో ఓ చుట్టరికం ఉంది. అది మద్రాసు పక్కనుంచి తెచ్చిన రాయి. థామస్ హాలండ్ అనే భూగర్భ శాస్త్రవేత్త ఆ రాతి జాతికి చార్నాక్ పేరే పెట్టాడు, చార్నోకైట్ అని. మన తూర్పు కనుమల్లోనూ అదే రాయి బోలెడంత. అలా చార్నాక్ పేరు మన కొండల్లోకీ వచ్చింది. పేర్లు పెట్టే అధికారం ఎవరి చేతిలో ఉంటే వాళ్లవాళ్లే ఊళ్లకీ రాళ్లకీ ఎక్కి కూర్చుంటారు.

ఇదే ఈ కుటుంబానికి మింగుడుపడలేదు. బడిపుస్తకాల్లో చార్నాక్. 1990లో మూడు వందల ఏళ్ల ఉత్సవమంటూ ఊరంతా దీపాలు వెలిగించిందీ ఆయన పడవ దిగిన రోజును లెక్కపెట్టుకునే. ఇంటికొస్తే అమ్మవారి ముందు ఆట్‌చాలా స్తంభాలు. వాటి మధ్య ఏం జరిగిందో పెద్దవాళ్లు చెప్పే కథ. బళ్లో ఒక జవాబు, ఇంట్లో ఒక జవాబు!

2001లో, కల్‌కత్తా అధికారికంగా కోల్‌కతాగా మారిన ఏడాదే, పరిషత్తు మరికొందరితో కలిసి హైకోర్టులో ప్రజాప్రయోజన వ్యాజ్యం వేసింది. కోర్టు ఏం చేసిందంటే... ఐదుగురు చరిత్రకారులతో ఓ కమిటీ వేసి, మీరే తేల్చండి అంది. న్యాయమూర్తులు తమకు తెలియని విషయం తెలిసినవాళ్లకు అప్పగించడం నాకు బాగా నచ్చింది. కమిటీ పాత పత్రాలు తిరగేసి నివేదిక ఇచ్చింది. 2003 మే 16న తీర్పు వచ్చింది. చార్నాక్ స్థాపకుడు కాదు. ఆగస్టు 24 పుట్టినరోజు కాదు. పాఠ్యపుస్తకాల్లోంచి, ప్రభుత్వ పత్రాల్లోంచి ఆ మాట తీసేయండి.

బరిషాలో మిఠాయిలు పంచుకునే ఉంటారు. కానీ తీర్పులో ఇంకో సగం ఉంది. చార్నాక్ కాకపోతే మరి ఎవరు? ఎవరూ కాదు! ఈ నగరానికి స్థాపకుడంటూ ఒకడు లేడు, పుట్టినరోజంటూ ఒకటి లేదు. ఊళ్లు కలిసి, సంతలు పెరిగి, మెల్లగా నగరమైంది. అంటే, కేసు వేసినవాళ్ల తాతకు కూడా ఆ కిరీటం దక్కలేదు. జాగీరుదారు ఎంతైనా శిస్తు వసూలు చేసేవాడే. నూలు వడికింది అతను కాదు, మగ్గం మీద కూర్చుంది అతను కాదు, హుగ్లీలో వల విసిరిందీ అతను కాదు. పొగడాల్సిందేమిటంటే, పరిషత్తు ‘చార్నాక్ కాదు’ అన్నదాన్నే తమ గెలుపుగా తీసుకుంది. తమ వంశం గొప్పదని చాటుకోవడానికి వెళ్లి ‘గొప్పవాడు ఒక్కడు కాదు’ అనే తీర్పుతో ఇంటికి రావడం, దాన్నే ఇరవై ఏళ్లకు పైగా సంతోషంగా చెప్పుకోవడం చిన్న విషయమేం కాదు. జనం మాత్రం ఎక్కడ మారతారు! ఆగస్టు 24 వచ్చిందంటే ‘హ్యాపీ బర్త్‌డే కోల్‌కతా’ మెసేజీలు ఇప్పటికీ తిరుగుతూనే ఉంటాయి.

కేసు సంగతి అయిపోయింది. ఇళ్ల సంగతి అవదు. అది ఏడాది పొడుగునా ఉండే పని.

పాత ఇంటిని కూల్చేది వాన, చెద అనుకుంటాం. కాదండీ, వాటాలు. మా అమ్మమ్మగారి ఊళ్లో మండువా లోగిలి ఉండేది. నలుగురు అన్నదమ్ములు పంచుకున్నారు. గదులైతే పంచుకోగలిగారు. మధ్యలో మండువాను ఎలా పంచుతారు? వాన నీళ్లు పడే జాగాకు అడ్డంగా గోడ లేచింది. పదేళ్లలో ఒకరు తమ వాటా పడగొట్టి డాబా వేసుకున్నారు. మిగతా మూడు వాటాలూ ఆ దెబ్బకు పగుళ్లిచ్చాయి. చివరికి ఆ ఇంటి తలుపులు ఎవరో పాత కలప వ్యాపారి కొనుక్కెళ్లాడు. ఏ హోటల్ లాబీలో అలంకారంగా ఉన్నాయో తెలీదు. మా పెద్దమామయ్య ఇప్పటికీ ఏ పాతకాలపు హోటల్‌కు వెళ్లినా తలుపు గడియ వైపు ఓసారి చూస్తాడు.

సబర్ణ కుటుంబమూ చీలింది. నాలుగు వందల ఏళ్లలో చీలకుండా ఉంటుందా? పెద్దిల్లు, నడిపిల్లు, మధ్యిల్లు... బొరో బాడీ, మేజో బాడీ, మాఝేర్ బాడీ అని శాఖల పేర్లే చీలికల పేర్లు. వాటాలు పంచుకుని వేర్లు తెంచుకోలేదు, అంతే తేడా. ఇప్పుడు ఒక పూజ ఎనిమిది పూజలైంది. ఆరు బరిషాలోనే, ఒకటి బిరాటిలో, ఒకటి నిమతాలో. ఎనిమిదింటిలోనూ పద్ధతి ఒకటే. ఒకప్పుడు జంతుబలి ఉండేది. ఇప్పుడు గుమ్మడికాయ లాంటివే. ఇలా దేన్ని వదిలేయాలో, దేన్ని అట్టే పెట్టుకోవాలో కూర్చుని మాట్లాడుకునే చోటు ఉండటం వల్లే అది సాధ్యమైంది. సంఘం అవసరం అక్కడే కదా!

బొరో బాడీలో వాళ్లు ఓ మ్యూజియం పెట్టారు. సబర్ణ సంగ్రహశాల. పాత పత్రాలు, కుటుంబం వాడిన వస్తువులు, కోల్‌కతా చరిత్రకు సంబంధించిన కాగితాలు అందులో పోగుచేశారు. ఏటా ఫిబ్రవరిలో చరిత్ర ఉత్సవం జరుపుతారు. ఏదో ఒక దేశాన్ని పిలిచి వాళ్ల వస్తువులతో కూడా ప్రదర్శన పెడతారు. ప్రభుత్వం జీతమిచ్చే క్యురేటర్లు లేరు. ఇంట్లోవాళ్లే నిర్వాహకులు. అటక మీది ఇనప్పెట్టెలో ముక్కిపోవాల్సిన కాగితాన్ని నలుగురూ చదివేలా అద్దం కింద పెట్టడం... అక్కడే ఈ సంఘం సమ్మేళనం స్థాయి దాటి ఎదిగింది. కోర్టుకు వెళ్లే ధైర్యమూ ఆ అలవాటులోంచే వచ్చిందనుకుంటాను. కాగితం దాచుకున్నవాడికే మాట నిలబెట్టుకునే వీలుంటుంది.

బయట వాళ్ల చేతి గుర్తులు ఇంకా ఉన్నాయి. ఇప్పుడున్న కాళీఘాట్ గుడిని 1809లో పూర్తిచేయించింది ఈ కుటుంబమే. రైటర్స్ బిల్డింగ్ ఎదుట లాల్‌దిఘీ చెరువు దగ్గర వీళ్ల కచేరీ ఉండేది. హోలీనాడు రంగుల్లో మునిగినవాళ్లు స్నానాలు చేస్తే నీళ్లు ఎర్రబడేవని, అందుకే ‘ఎర్ర చెరువు’ అయిందని ఓ కథ. చెరువు పేరుకు వేరే కథలూ ఉన్నాయి కానీ, నాకు ఇదే నచ్చింది.

ఇంత చదివాక మీకో అనుమానం రావాలి. మనకిలాంటిది లేదా? ఉంది. కోల్‌కతా దస్తావేజుకు సుమారు అరవై ఏళ్ల ముందు, 1639లో, ఇదే కంపెనీ కోరమండల్ తీరంలో ఓ ఇసుక దిబ్బ కోసం వచ్చింది. ఇచ్చింది తెలుగువాడు, దామర్ల వేంకటాద్రి నాయకుడు. అడిగింది ఫ్రాన్సిస్ డే. అక్కడ లేచిన ఊరికి ఇచ్చినవాడి తండ్రి చెన్నప్ప పేరు పడింది. చెన్నపట్నం! బెంగాల్లో ఇచ్చినవాళ్ల పేరు మరుగున పడితే మన దగ్గర ఇచ్చినవాడి తండ్రి పేరు నిలబడింది. మూడు వందల ఏళ్లు మద్రాసు కింద నలిగినా, 1996లో చెన్నైగా మళ్లీ పైకి లేచింది. అక్కడ ఆగస్టు 22న మద్రాసు డే జరుపుకొంటారు. అంటే ఆ తెలుగు నాయకుడు ఇసుకదిబ్బ ఇచ్చిన రోజును పండగ చేసుకుంటున్నారు. ఆ రోజు దామర్లవారి పేరు తలుచుకునేవాళ్లు ఎంతమందో మరి! ఫలానా స్తంభాల మధ్య సంతకం చేశారని చూపించడానికి మనకు ఓ ఆట్‌చాలా లేదు.

అందుకే దసరాకు కోల్‌కతా వెళ్లేవాళ్లకు ఒక మాట. పెద్ద పందిళ్లు చూడండి, తప్పేం లేదు. ఒక్క పూట బరిషాకు కేటాయించండి. సఖేర్‌బజార్లో దిగి, సబర్ణవాళ్ల ఆట్‌చాలా ఎక్కడ అని అడగండి. పందిరికి వెళ్లినట్టు కాక ఎవరింటికో వెళ్లినట్టు ఉంటుంది. చెప్పులు గడప బయట విప్పాలి. అమ్మవారికి దండం పెట్టుకుని ఓసారి వెనక్కి తిరిగి ఆ స్తంభాల వైపు చూడండి. మూడూళ్లకు సంతకం పడింది అక్కడే.